తెలిస్తే ఏం చేస్తారండీ?

మా ఇంట్లో ఒక ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. అది నాన్న పెట్టిన నియమం. "మీరేవిట్లండీ?" అని ఎవరైనా కులం అడిగితే ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎంతో మర్యాదగా "తెలిస్తే ఏం చేస్తారండీ?" అనేవారు. అడిగినవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. నాన్న బడిలో లెక్కలు చెప్పేవారు. స్టెప్పులు రాయకపోతే మార్కులు కోసే మనిషి, ఈ ఒక్క లెక్కకు మాత్రం తను ఏ స్టెప్పూ చూపించకుండానే వెళ్ళిపోయారు. "చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా ఈయనకి" అని అమ్మ విసుక్కునేది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది, నియమం మాత్రం పోలేదు. కాబట్టి మీకూ చెప్పను. చదువుతూ మీరు లోపల్లోపల వెతుకుతుంటారని తెలుసు. వెతుక్కోండి, నాకేం పోయింది.

ఆ ప్రశ్న చుట్టూ మా వైపు జనం పెంచుకున్న నేర్పు చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యమే. సూటిగా అడిగేవాళ్ళు ఇప్పుడు తక్కువ. ముందు ఇంటిపేరు అడుగుతారు. తర్వాత సొంతూరు. ఊరు చెప్తే, ఊళ్ళో మీ ఇల్లు ఏ బజార్లో అంటారు. అక్కడా తేలకపోతే ఆడపిల్లల్ని ఏ ఊళ్ళకిచ్చారంటారు, నీసు తింటారా అంటారు. మరీ గడుసువాళ్ళయితే మీ ఇంట్లో పిల్లలు ఏ హీరో సినిమా మొదటిరోజు చూస్తారని అడుగుతారు. ఒకసారి గన్నవరం బస్సులో పక్కనున్న పెద్దాయన ఇవన్నీ వరసగా అడిగాడు. నేను అన్నిటికీ నవ్వుతూ జవాబులు చెప్పాను, ఆయనకి మాత్రం ఏదీ తేలలేదు. దిగేటప్పుడు నా వంక చూసిన చూపుంది చూశారూ, టిక్కెట్టు లేకుండా ఎక్కినదాన్ని చూసినట్టే!

గన్నవరం ఎందుకంటే నా ఉద్యోగం అక్కడ. ఫిలాసఫీ ఎమ్మే చదివిన పాపానికి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మానవ విలువలనే పేపరు చెప్తాను. వారానికి రెండు పీరియడ్లు. పక్కనే విమానాశ్రయం, విమానం దిగుతుంటే పాఠం ఆపాలి, అది వెళ్ళాక మళ్ళీ అందుకోవాలి. ఏటా ఎవరో ఒకరు లేచి, "మేడం, ఈ ఫిలాసఫీ వల్ల ఉపయోగం ఏంటండీ? ప్లేస్‌మెంట్లో అడుగుతారా?" అంటారు. క్లాసంతా గొల్లుమంటుంది. నా జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది: "మనం ఆలోచించేది ఒకటీ, బతికేది ఇంకొకటీ కాకుండా కాపలా కాయడానికమ్మా." ఈ మాట నాకు భలే ఇష్టం. చెప్పిన ప్రతిసారీ నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

రెండేళ్ళ క్రితం అమ్మకి మోకాలు ఆపరేషన్ అయింది. ఇంట్లో ఉండేది నేనూ అమ్మా ఇద్దరమే. మేముంటున్నది లిఫ్టు లేని మూడో అంతస్తు. కొన్నాళ్ళపాటు మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎట్లాగైనా కింద పోర్షన్ దొరకాలి, అదీ ఆసుపత్రికి దగ్గరగా పటమటలోనే దొరకాలి. చెప్పులరిగేలా తిరిగాను. టులెట్ బోర్డు ఉన్న ప్రతి గేటు దగ్గరా అదే ఇంటర్వ్యూ. ఇంటిపేరు, ఊరు, బజారు. చివరికి, "మా వారినడిగి ఫోన్ చేస్తానండీ." ఆ ఫోన్లు ఇప్పటిదాకా రాలేదు. అమ్మ ఆసుపత్రి మంచం మీద నుంచి, "వాళ్ళకి కావలసిందేదో చెప్పెయ్యవే, నీ మాటకంటే నా కాలు లోకువా?" అంది. నాకు ఏడుపొచ్చింది. అయినా చెప్పలేదు.

తొమ్మిదో ఇల్లో పదో ఇల్లో, ఒక పెద్దావిడ తలుపు తీసింది. భర్త లేడు, కొడుకు వేరే ఊళ్ళో ఉద్యోగం. ముందు మామిడి చెట్టు, కింద రెండు గదుల పోర్షన్, పక్కన ఆవిడ ఉండే భాగం, పైన ఒక గది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఇంటిపేరు అడిగింది, చెప్పాను. ఊరడిగింది, చెప్పాను. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగింది.

"అయ్యో రామ! మా మేనత్తనిచ్చింది ఆ ఊరే కదమ్మా! ఆ ఇంటిపేరువాళ్ళు మాకు బాగా దగ్గర. ఇందాకటి నుంచీ అనుకుంటూనే ఉన్నా, మొహంలోనే తెలిసిపోతోంది. మనవాళ్ళే!"

మా ఇంటిపేరు ఆ ఊళ్ళో రెండు కులాలవాళ్ళకుంది. కాలవకి ఇటు ఒకరు, అటు ఒకరు. ఆవిడ మేనత్తది అటు, మాది ఇటు. ఆవిడ పొరబడిందని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మని జాగ్రత్తగా తీసుకురా" అంది. నేను నోరు మూసుకున్నాను. ఆటోలో వస్తూ నాకు నేను చాలా గంభీరంగా చెప్పుకున్నాను: నేను అబద్ధం ఆడలేదు, మా నియమం చెప్పకపోవడం, చెప్పలేదు, అంతే. ఫిలాసఫీ చదివినవాళ్ళకి ఇలాంటి తర్కం క్షణాల్లో పుడుతుంది.

ఆవిడ మంచి మనిషి. ఈ మాట మనస్ఫూర్తిగా రాస్తున్నాను. మొదటి రోజు నుంచే అమ్మని "వదినగారూ" అని పిలిచింది. మునగాకు కోసి పప్పులో వేసి తెచ్చేది. నేను కాలేజీకి వెళ్తే మధ్యాహ్నం వచ్చి అమ్మ పక్కన కూర్చుని సీరియల్ చూసేది. అమ్మకి కబుర్లకి మనిషి దొరికింది. వాళ్ళిద్దరూ తినే మావిడల్లం పచ్చడి గురించి గంటసేపు మాట్లాడుకోగలరని నాకప్పటిదాకా తెలియదు. "వదినగారూ" అన్న ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు వంటింట్లోకి జారుకునేదాన్ని. అమ్మకి విషయం చెప్పాను. "నోరు మూసుకుని ఉండు. నేను మెట్లెక్కలేను" అంది.

వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఇరవై ఐదేళ్ళుంటాయి, దివిసీమ వైపు పిల్ల. వాళ్ళమ్మా నాన్నా పొలం పనులు చేసి చదివించారు. బైబిలు పేరు. ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ అమ్మాయి పేరు వినగానే నా బుర్ర తన పని తను చేసుకుపోయింది: పేరు, ఊరు, బజారు, తేలింది. నేనెవర్నీ అడగను, నిజమే. కానీ నాకు తెలిసిపోతుంది, తెలిసినందుకు లోపలెక్కడో ఒక మూల తృప్తిగా కూడా ఉంటుంది. బస్సులో పెద్దాయనకీ నాకూ తేడా అల్లా ఆయన నోటితో అడిగాడు, అంతే.

ఆ అమ్మాయి అమ్మ చేత నడిపిస్తూ లెక్కపెట్టేది. అమ్మ మొరాయిస్తే, "మామ్మగారూ, మీరు చెయ్యకపోతే నాకు చెడ్డపేరండీ" అని బతిమాలేది. అమ్మ గొణుక్కుంటూ చేసేది. ఒక్కరోజు ఆ పిల్ల రాకపోతే మాత్రం గుమ్మం వైపే చూస్తుండేది.

కార్తీకం వచ్చింది. ఇంటావిడ చేతిలో మూడు కూపన్లతో వచ్చింది. "ఆదివారం మనవాళ్ళ వనభోజనాలు, మంగళగిరి దాటాక తోటలో. కారు మాట్లాడాను. వదినగార్ని కుర్చీలో కూర్చోబెడదాం. రానంటే ఒప్పుకోను." నేను ఏదో వంక చెప్పబోయాను. అమ్మ నాకంటే ముందే, "పాపం అంతగా అడుగుతుంటే ఎట్లా కాదంటామే" అంది. ఇంట్లో పడుండి విసుగెత్తిన మనిషి. నేనూ ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ చూడాలని ఉంది. ఎప్పుడూ వెళ్ళలేదు కదా, కులమంతా ఒకచోట చేరితే ఎట్లా ఉంటుందో చూద్దామని.

ఎట్లా ఉంటుంది? ఉసిరిచెట్టు కింద బంతి, మైకులో పాటలు, పెద్దవాళ్ళకి మ్యూజికల్ చైర్స్, పిల్లలకి షీల్డులు. ఒకాయన మనవాళ్ళు ఇంకా ఎదగాలని ముప్పావుగంట మాట్లాడాడు. నాతో బంతిలో కూర్చున్నావిడ పులిహోర నోట్లో పెట్టుకుని, "ఎంతైనా మనవాళ్ళ చెయ్యి పడితే ఆ రుచే వేరండీ" అంది. చేతులు కడుక్కోడానికి వెనక్కి వెళ్ళి వంటాయన్ని పలకరించాను. "పోయిన ఆదివారం ఇదే తోటలో వేరేవాళ్ళకి చేశానమ్మా. వచ్చే ఆదివారం ఇంకోళ్ళకి. బుక్కయిపోయాయి అన్ని ఆదివారాలూ" అన్నాడు. పులిహోర మారుతుందా అనడిగాను. "అదే పోపు, అదే చింతపండు. ఏ ఆదివారమైనా 'మనవాళ్ళ రుచి' అనే అంటారు, నాకలవాటే" అని నవ్వాడు. నేనూ పగలబడి నవ్వాను. ఆ నవ్వు కారెక్కేదాకా కూడా నిలవలేదు. గేటు దగ్గర ఒక కుర్రాడు రిజిస్టరు పెట్టి అందరి పేర్లూ రాసుకుంటున్నాడు. ఇంటావిడ మా ఇద్దరి పేర్లూ చెప్పి, "మా వదినగారు" అని రాయించింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పటిదాకా చెప్పలేదంతే అనుకుంటున్నాను. అక్కడ, ఆ నీలం సిరాలో, నేను చెప్పినట్టే అయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే క్లాసులో, కావాలని అడిగినట్టు, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, ఫిలాసఫీ వల్ల ఉపయోగం ఏంటండీ?" నా ఇష్టమైన జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఈలోగా విమానం వచ్చింది. ఎప్పుడూ విసుక్కునేదాన్ని, ఆ రోజు మాత్రం అది కాసేపు మా మీదే తిరిగితే బాగుండుననిపించింది. విమానం వెళ్ళాక, "వచ్చే వారం చెప్తాను" అన్నాను. పిల్లలు వింతగా చూశారు.

వచ్చే వారం రాకముందే ఇది జరిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి ఉంటున్న హాస్టల్ మూసేస్తున్నారట, ఆసుపత్రి దగ్గర్లో గది కావాలంది. పైగది ఖాళీగానే ఉంది. నేనే ఉత్సాహంగా ఇంటావిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఆ పిల్లని రోజూ చూస్తూనే ఉంది, టీ కూడా ఇచ్చింది. కూర్చోమంది. ఊరడిగింది. బజారు అడిగేదాకా ఆ అమ్మాయి ఆగలేదు. తన కులం పేరు తనే చెప్పి, "చర్చికి వెళ్తామండి" అంది. గొంతులో వణుకూ లేదు, పొగరూ లేదు, బ్లడ్ గ్రూపు చెప్పినట్టు చెప్పింది.

ఇంటావిడ నుదురు కొట్టుకుని, "అయ్యో, మతిమరుపు ముండాదాన్ని! మా తోటికోడలి మనవడికి మాటిచ్చానమ్మా ఆ గది" అంది. అమ్మాయి "పర్లేదండి" అని లేచింది. ఆ పిల్ల గుమ్మం దాటాక ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని, "మంచి పిల్లే, కాదన్ను. కానీ మన ఇళ్ళల్లో కుదరదు కదమ్మా. మనవాళ్ళెవరైనా ఉంటే చూడు" అంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చెప్పులేసుకుని బయటికొచ్చాను.

మెయిన్ రోడ్డుదాకా ఆ అమ్మాయి వెంట నడిచాను. "అడక్కముందే ఎందుకు చెప్పావమ్మా?" అన్నాను. అడగడం పూర్తికాకముందే ఎంత తెలివితక్కువ ప్రశ్నో నాకే తెలిసింది.

"ముందే చెప్పేస్తానండి. తర్వాత తెలిసి ఖాళీ చెయ్యమంటే మంచం, బకెట్లు మోసుకునేది నేనే కదండీ. ఒకసారి అయింది అట్లా" అంది. తర్వాత మామూలుగానే, "మీరు చెప్పరా మేడం?" అంది.

"మా ఇంట్లో చెప్పకపోవడం నియమం. మా నాన్న పెట్టారు." ఎప్పుడూ గర్వంగా అనే మాట ఆ రోజు గొణిగాను.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. వెటకారం కాదు, నిజంగానే ఆలోచించింది. "మంచి నియమమేనండీ. చెప్పకపోయినా ఇల్లు దొరికేవాళ్ళకి బాగుంటుంది" అని, వస్తున్న ఆటో ఆపి ఎక్కింది. "రేపు మామ్మగారికి ఐస్ పెట్టడం మర్చిపోకండి" అని కేకేసింది కూడా.

ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను. అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. నాన్న మీద కూడా కోపమొచ్చింది. ఆ నియమం వల్ల ఆయనకెప్పుడైనా నష్టం జరిగిందా, లేక చెప్పకపోయినా జరుగుబాటయ్యే చోట నిలబడే ఆయన పెట్టారా? అడుగుదామంటే మనిషి లేడు. ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చి అమ్మకి జరిగిందంతా చెప్పాను, ఆ అమ్మాయి చివరిమాటతో సహా. "ఇంటావిడకి నిజం చెప్పేద్దామనుకుంటున్నానమ్మా. చెప్తే ఇల్లు పోవచ్చు. కాలు నీది. నువ్వొద్దంటే చెప్పను" అన్నాను. అమ్మ చాలాసేపు మోకాలి మీద మచ్చ రుద్దుకుంటూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుందా?" అంది.

"లేదమ్మా. అలవాటైనట్టుంది."

అమ్మ రిమోట్ అందుకుంది. తర్వాత, "మెట్లు ఎప్పటి నుంచి ఎక్కొచ్చో రేపు ఆ పిల్లని కనుక్కో" అని టీవీ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఇంటావిడ తులసికోట దగ్గర ఉండగా వెళ్ళాను. రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను. కులం చెప్తే నాన్న మాట పోతుంది, చెప్పకపోతే అబద్ధం మిగిలిపోతుంది. చివరికి నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "మేము మీరనుకున్నవాళ్ళం కామండీ. మీ మేనత్తవాళ్ళు కాలవకి అటు, మేం ఇటు. మొదటిరోజే చెప్పాల్సింది. తప్పు నాది."

ఆవిడ చెంబు కింద పెట్టింది. "అయితే ఎవరు?"

"అది చెప్పనండీ. ఎవరైనా కానివ్వండి, మీరనుకున్నవాళ్ళం కాదని మీకు తెలియాలి. ఆ పైగది కూడా ఆ అమ్మాయికిస్తే బాగుండేదండీ. నిన్న మీరన్నప్పుడే అనాల్సింది."

"వనభోజనాలకొచ్చి తిన్నారు కదమ్మా!" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పదిమందిలో మా వదినగారని చెప్పుకున్నానే! నోరుందిగా నీకు, ఆ రోజే అనొచ్చుగా!" నేను తలొంచుకున్నాను. కులం గురించి అయితే వాదించేదాన్ని, ఆ పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆవిడ ఏడుస్తున్నది మోసపోయినందుకు, మోసం చేసింది నేనే.

ఆవిడ ఖాళీ చెయ్యమనలేదు. మునగాకు రావడం మానేసింది. పదిరోజుల తర్వాత గేటు దగ్గర నిలబడి, "మా అబ్బాయికి ఇక్కడికే ట్రాన్స్‌ఫరవుతోందండీ, కింద పోర్షన్ కావాలి" అంది. "అమ్మా" పోయి "అండీ" వచ్చింది. ఆ అబ్బాయికి ట్రాన్స్‌ఫరూ లేదు, తోటికోడలి మనవడూ రాలేదు. పైగదికి తాళం అలాగే ఉంది. అమ్మాయి ఇంకో హాస్టల్లో చేరింది.

మాకు వెనక వీధిలో మొదటి అంతస్తు దొరికింది. ఆ ఇంటాయన అడిగింది ఒక్కటే: "నీళ్ళెక్కువ వాడతారా?" ఇలాంటి మనిషి కూడా ఉంటాడా అని నాకు నమ్మకం కలగలేదు. మెట్లు మాత్రం పద్దెనిమిది. ఆపరేషనై నాలుగో నెల. ఎక్కొచ్చు, నొప్పుంటుంది, ఎక్కాలి అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

సామాను వెళ్ళిపోయాక అమ్మని ఆటో ఎక్కిస్తున్నాను. ఇంటావిడ లోపల్నుంచి గబగబా వచ్చింది, చేతిలో మేం మర్చిపోయిన వేడినీళ్ళ సంచి. "వదినగారూ..." అని పిలిచి, గతుక్కుమని ఆగింది. సంచి అమ్మ ఒళ్ళో పెట్టింది. పోలేదు. ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు, కుతూహలమే ఉంది. పాపం, ఇన్ని రోజులుగా నిద్రపట్టనివ్వని కుతూహలం.

"వెళ్ళిపోతున్నారు కదా, ఇప్పుడైనా చెప్పండి. మీరెవరు?"

నేను అమ్మ వైపు చూశాను. నలభై ఏళ్ళు ఆ నియమాన్ని తిట్టిన మనిషి. ఇప్పుడు చెప్పేసినా పోయేదేం లేదు, ఇల్లు ఎటూ పోయింది. అమ్మ కళ్ళజోడు తీసింది. కొంగు అంచుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది.

"తెలిస్తే ఏం చేస్తారండీ?" అంది.

ఇంటావిడ నోరు తెరిచింది. మెల్లగా కమ్మీ మీద నుంచి చెయ్యి తీసేసింది.

కొత్త ఇంటి మెట్ల కింద అమ్మాయి మాకోసం ఎదురుచూస్తోంది. ఆదివారం, చర్చి నుంచి నేరుగా వచ్చింది. "మామ్మగారూ, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. గుర్తుందిగా?" అంది. అమ్మ కమ్మీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఆరో మెట్టు మీద ఆగింది. మొహమంతా చెమట. నేను భయపడి వెనక నుంచి పట్టుకున్నాను.

"ఇంకా ఎన్నే?"

"పన్నెండమ్మా."

"మీ నాన్న ఇప్పుడుండాల్సింది" అంది రొప్పుతూ. "ఈ మెట్లన్నీ ఆయన్ని తిట్టుకుంటూ ఎక్కేదాన్ని." నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. అమ్మాయి ఏడు అంది, అమ్మ మంచికాలు పైమెట్టు మీద పెట్టింది.